పగటి నీళ్లు

పన్నెండు గంటలు కొట్టేలోపల ఒంటికి పోవాలి. ఇవాళ మంగవ్వకు ఉన్న పనల్లా అదే. అరవై ఆరేళ్ల బతుకులో ఇంత సులువైన పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు, ఇంత చేతకాని పనీ ఎదురుపడలేదు. పడుకున్న చోటినుంచి గోడ గడియారం కనబడుతూనే ఉంది, పదకొండు దాటింది, కిటికీ కింద ఆర్మూరు రోడ్డు మీద పసుపు లారీ ఒకటి గేరు మార్చుకుంటూ పోయింది, దాని వెనకే ఉడికి ఎండిన పసుపు వాసన ఆడవాళ్ల వార్డులోకి వచ్చి ఫినాయిల్ వాసనను ఓ మూలకు నెట్టేసింది, ఆహా అనుకుంది మంగవ్వ, ఇది మా బాల్కొండ దిక్కు సరుకే, మా దిక్కు పసుపుకే ఈ ఘాటు, అనుకుని, అయ్యో నా మతి మండ, ఇప్పుడు నేను ఆలోచించవలసింది పసుపు గురించా, అని మనసును మళ్లీ దుప్పటి కిందికి తోలుకొచ్చింది. దుప్పటి కింద, తొడల నడుమ, అరటిపండంత పొడుగున, అంతే వంకరగా, మెత్తని గుడ్డ చుట్టిన వత్తి ఒకటుంది. దాని వెనక సన్నని గొట్టం, ఆ గొట్టం పోయి గోడకు తగిలించిన ప్లాస్టిక్ డబ్బాలోకి, ఆ డబ్బాలోకి గుంజే మిషను ఒకటి, అది పొద్దున ఆరింటి నుంచి సన్నగా ఈల వేసినట్టు చప్పుడు చేస్తూనే ఉంది. డబ్బాలో చుక్క లేదు. పన్నెండు దాకా చుక్క పడకపోతే మళ్లీ రబ్బరు పైపు లోపలికి పెట్టక తప్పదని గంగాప్రసాద్ డాక్టరు చెప్పి పోయాడు.

ఆ పైపు మాట తలుచుకుంటేనే ఒళ్లు జలదరిస్తుంది. పాపమంతా కల్లంలో మొదలైంది. ఉడికిన పసుపు ఆరబోస్తూ, కోడలు దీపతో ఏదో పరాచికమాడుతూ కుప్ప అంచున కాలు పెట్టింది, సర్రున జారింది, నలభై ఏళ్లు ఆ కుప్పల మీద నడిచిన కాలే, గ్రహచారం బాగాలేకపోతే తాడే పామై కరుస్తుందట. తుంటి ఎముక విరిగింది, ఇక్కడికి తెచ్చారు, కోసి లోపల ఇనుప కమ్మీ వేశారు, ఆ నాడే ఒంటికి పోయే దారిలో రబ్బరు పైపు దూర్చి మంచానికి సంచి వేలాడదీశారు. మొదట సుఖంగానే ఉందనిపించింది, అబద్ధమెందుకు, లేవనక్కరలేదు, ఎవరినీ అడగనక్కరలేదు. ఆరోనాడు చలి పుట్టింది. మూడు దుప్పట్లు కప్పి దీప మీద పడి అదిమిపట్టుకున్నా మంచం గడగడలాడింది. ఆ జ్వరంలో ఎప్పుడో పోయిన తల్లి వచ్చి కాళ్ల దగ్గర కూచుని, ఇంకెన్ని సాళ్లున్నయే అని అడిగితే, మంగవ్వ వేళ్లు మడిచి లెక్క చెబుతూనే ఉందట, దీప తర్వాత చెప్పి ఏడ్చింది. పైపు పట్టుకుని పురుగు లోపలికి ఎక్కింది, అది రక్తంలో కలిసి కమ్మీ దాకా పోతే చీము పడుతుంది, మళ్లీ కోయాలి, ఇక నడక సంగతి దేవుడికే తెలియాలి అని నర్సు ఎవరితోనో అంటుంటే మంగవ్వ కళ్లు మూసుకునే విన్నది. సూదిమందులకు జ్వరం దిగింది. ఇవాళ పొద్దున పైపు తీసేశారు. తీసిన క్షణాన "అబ్బ, పాణం లేచొచ్చింది బిడ్డా" అని ఆమె అన్న మాటకు వార్డంతా నవ్వింది. అప్పటినుంచి ఒళ్లు మళ్లీ తన ఒళ్లయింది. దీప పట్టుకుంటే ఈ పక్కకు ఒత్తిగిలింది, ఆ పక్కకు ఒత్తిగిలింది, ఏ గొట్టమూ గుంజలేదు, ఏ సంచీ జాగ్రత్త అని అరవలేదు. పసుపు పని ముమ్మరంగా నడిచే నెలలో పట్టపగలు పరుపు మీద పడుకుని, కిటికీలోంచి కాళ్ల మీద పడుతున్న ఎండను చూస్తూ ఉండడం ఆమెకు జన్మలో ఇదే మొదలు. బాగుంది. సిగ్గుగా ఉంది కానీ బాగుంది.

ఈ వత్తి తెచ్చిన పిల్ల కరుణశ్రీ. ధర్పల్లి పిల్ల, నర్సు, మాట కరుకు, చెయ్యి మెత్తన. నిజామాబాద్‌లో ఏదో ట్రైనింగుకు పోయి అక్కడ చూసి వచ్చిందట, అడిగి అడిగి ఒక పెట్టె తెప్పించిందట. పైపులు పెట్టిన వాళ్లకు జ్వరాలు వస్తుంటే చూసి చూసి దానికి కడుపు మండింది. డాక్టరు చెడ్డవాడేం కాదు, కానీ నమ్మలేదు, మన పల్లెటూరి ముసలమ్మలు దీన్ని ఉండనిస్తారా, గంటలో పీకి పారేస్తారు అన్నాడు. ఒక్కరికి పెట్టి చూద్దాం సార్, కాకపోతే పెట్టెను బీరువాలో పడేద్దాం అన్నది కరుణశ్రీ. ఆ ఒక్కరు మంగవ్వ. పొద్దున వత్తిని చేతిలో పెట్టి చూపించింది కూడా, కొత్త కోడలికి నగ చూపించినట్టు. "లోపలికి ఏం పోదవ్వా, బయటనే ఉంటది. నువ్వు పోసుడే ఆలస్యం, గదే గుంజుకుంటది. పక్క తడువది, నువ్వు తడువవు" అన్నది. మరి మొగోళ్లకో అని అడిగింది మంగవ్వ. "వాళ్లకు తొడుగు ఉన్నదవ్వా, ఎప్పటిసందో ఉన్నది. ఆడోళ్లకే గిప్పుడొచ్చింది." అన్నిట్ల గంతేనాయె అన్నది మంగవ్వ. కరుణశ్రీ పకపకా నవ్వింది, ఆ నవ్వు చూసి ఈ పిల్ల కోసమైనా పోయాలి అనుకుంది మంగవ్వ, అనుకుని ఐదు గంటలైంది, అనుకోవడమే అయింది.

ఎందుకు రాదు? ఎందుకంటే, నీళ్లు తాగితే కదా వచ్చేది. ఈ సంగతి మంగవ్వకు తెలుసు, పక్క మంచం ఆమెకు తెలుసు, మూడో మనిషికి తెలియదు. దాన్ని తలుచుకున్నప్పుడల్లా మంగవ్వ చూపు కిటికీ మీదికి పోతోంది, కిటికీలోంచి రోడ్డు దాటి, గుట్ట దాటి, బాల్కొండ చెలకల్లోకి, పదకొండేళ్ల వయసులో మొదటిసారి పసుపు తవ్వే గుంపులో నిలబడిన తెల్లవారుజాములోకి. గుంపు అంటే ఇరవై మంది ఆడవాళ్లు, మనిషికొక సాలు. పసుపు చేను తవ్వే నాటికి ఆకంతా కోసేసి ఉంటుంది, మోకాలెత్తు చాటు కూడా ఉండదు, గట్టు మీద సంచులు మోసే మొగవాళ్లు, చేను ఆసామి, బండ్లు. ఒకతె పక్కకు పోతే ఆమె సాలు వెనకబడుతుంది, ఆమె సాలు వెనకబడితే పక్కామె ఆగాలి, అందరి చూపూ ఆ పోయినామె మీదే. అందుకని గుంపు ఒక కట్టుబాటు పెట్టుకుంది, తెల్లారగట్ల అంబలి తాగితే మళ్లీ పొద్దు గూకి చీకటి పడ్డాకే నీళ్లు. నడుమ నోరెండితే బుగ్గన చింతగింజ. తాగినదానికి సాలు సాగదు అనేవాళ్లు ముసలోళ్లు. తల్లి తన బుగ్గన ఉన్న గింజను తీసి, కొంగుకు తుడిచి, మంగవ్వ నోట్లో పెట్టింది, ఆ రోజు పొద్దంతా ఆ పిల్ల నీళ్ల కుండ దిక్కు చూడలేదు, సాయంత్రం తల్లి అందరికీ చెప్పుకుని మురిసింది. ఆ మురిపెం మంగవ్వకు ఎముకల్లో ఇంకింది. పెద్దయ్యాక గుంపు మేస్త్రీ ఆమెను చూపించి కొత్తవాళ్లకు బుద్ధి చెప్పేవాడు, చూడండ్రి, గీమెను చూసి నేర్చుకోండ్రి అని. మంట పుట్టేది, పుట్టదా, నెలకోసారి పుట్టేది, ధనియాలు నానేసిన నీళ్లు తాగితే పోయేది, పోకపోతే అట్లాగే పనికి పోయేది. పెళ్లినాటికి అదొక గుణమైపోయింది, అత్త మెచ్చుకున్న గుణం. ఇంటికి కోడలు వచ్చాక దీపకూ అదే నేర్పింది, దీప ఇప్పుడు ఆర్మూరులో పసుపు గోదాములో కొమ్ములు వేరు, మండ దుంపలు వేరు ఏరే పనికి పోతుంది, అక్కడ ముప్పై మంది ఆడవాళ్లకు ఒక మరుగు లేదు, నా కోడలు పొద్దంతా లేవదు తెలుసా అని మంగవ్వ వాడకట్టులో గొప్పగా చెప్పుకుంటుంది.

దవాఖానకు వచ్చినంత మాత్రాన యాభై ఐదేళ్ల గుణం ఎక్కడికి పోతుంది? నిన్నటిదాకా సెలైన్ ఎక్కింది కాబట్టి నడిచింది. పొద్దున పైపు తీసి, వత్తి పెట్టి, తలాపున అరలీటరు సీసాలు మూడు పెట్టి కరుణశ్రీ తాగవ్వా, ఎంత తాగితే అంత మంచిది అన్నది. మంగవ్వ సీసాలను చూసింది, దీపను చూసింది, దీప వెనక తెల్లని పక్కగుడ్డను చూసింది. తాగితే వస్తుంది, వస్తే ఈ వత్తి పట్టుకుంటుందని ఎవరు చూశారు, పట్టుకోక పక్కంతా తడిస్తే ఇంతమందిలో దీప ఆ గుడ్డ పిండాలి, దాని బతుకేమి కాను, తాగకపోతే ఏ గొడవా లేదు. ఇంతే ఆమె లెక్క. దీప ఇడ్లీలకని, మందులకని కిందికి పోయినప్పుడల్లా ఒక్కో సీసాను పక్క మంచానికి అందించింది. పక్క మంచంలో హబీబున్నీసా ఉంది, షుగరు వల్ల కాలికి పుండు పడి వచ్చింది, మంగవ్వ ఈడుదే, దాహం మనిషి, పది రోజులకే ఇద్దరూ ఒక కడుపున పుట్టినట్టయ్యారు. మొదటి సీసా ఏమీ అనకుండా తాగేసింది. రెండోది ఇస్తే గుర్రుమన్నది. మూడోది ఇస్తే లేచి కూచుంది. "అరె మంగవ్వా, నీకేమన్న దిమాక్ ఉన్నదా? రంజాన్ నెల, రోజా ఉండాల్సినదాన్ని నేను నీళ్లు తాగుతున్న, తాగాల్సినదానివి నువ్వు రోజా పట్టినవ్!" అన్నది. జర మెల్లగ బీబక్కా అని మంగవ్వ నోటి మీద వేలు పెట్టుకుంది, ఇద్దరికీ నవ్వాగలేదు, కుట్లు గుంజేదాకా నవ్వారు. కరుణశ్రీ వచ్చి చూసి, మూడు సీసాలు ఖాళీ, శాబాష్ అవ్వా అని మంచానికి వేలాడే కాగితంలో రాసుకుని పోయింది. అప్పుడే పిలిచి చెబుదామని నోరు తెరిచింది కానీ, చిన్నపిల్ల నవ్వుతూ పోతోంది, ఎందుకు చెప్పి దాని మొహం చిన్నబుచ్చాలి అనుకుంది మంగవ్వ.

దీప చేతిలో ఫోను మోగింది. మామనే అత్తా అంటూ దీప ఫోనును మంగవ్వ చెవి దగ్గర పెట్టబోయి ఏ మీటో నొక్కింది, మల్లయ్య గొంతు వార్డంతా వినపడేటట్టు వచ్చింది. "ఏమే, పోసినవా లేదా?" మంగవ్వకు భూమిలోకి పోవాలనిపించింది. "నీ నోరు పడిపోను, జర మెల్లగ మాట్లాడు" అన్నది. మల్లయ్యకు కొంచెం చెవుడు, కల్లం దగ్గర నిలబడి ఉన్నాడు, మొగులు పట్టింది, కొడుకూ తనూ పసుపు మీద పరదాలు కప్పుతున్నారు, అయినా గంటకోసారి ఫోను చేస్తున్నాడు. "గంతసేపు దేనికే? పోచంపాడు గేట్లెత్తినట్టు ఇడిసిపెట్టరాదు!" అని అరిచాడు, వార్డులో నవ్వులు మొదలయ్యాయి, ఆ నవ్వుల కింద మంగవ్వకు ముసలోడి గొంతులో వణుకు వినబడింది. చలిజ్వరం నాడు ఇతను వచ్చి మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు, తిరిగి పోతూ పోతూ దీపతో, అది నడువకపోతే నేను ఎత్తుకుంట గని దాన్ని ఇంటికైతే తోలుకరా బిడ్డా అన్నాడట. నలభై తొమ్మిదేళ్ల కాపురంలో ఒక్క తీపి మాట అనని మనిషి. ఎత్తుకుంటాడట, డెబ్బై రెండేళ్లు, ఎత్తుకుంటాడట, సంచీ పసుపు ఎత్తలేడు ఇప్పుడు. పరదాలు మంచిగ కప్పు, నా ఫికర్ చెయ్యకు అని మంగవ్వ ఫోను పక్కకు తోసింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, తాగని నీళ్లు ఇక్కడెట్లా వచ్చాయో అనుకుంది.

పదకొండు ముప్పావుకు కరుణశ్రీ వచ్చింది. వచ్చీరాగానే డబ్బా చూసింది, మొహం వాడిపోయింది. కాగితం తీసి చదివింది, పొత్తికడుపు మీద చెయ్యి పెట్టి ఒత్తింది, మళ్లీ కాగితం చూసింది. "లీటరున్నర తాగింది, ఒక్క చుక్క రాలేదు. లోపల ఆగిపోయిందన్నట్టే కదా" అని తనలో తానే అనుకుంది. స్కానింగు చేసే ఆమె బుధవారమే వస్తుంది, ఇవాళ సోమవారం, కాబట్టి కాగితం ఏది చెబితే అదే. పోయి చిన్న తట్టలో పైపు పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది, చేతి తొడుగులు పెట్టింది, పెడుతున్నప్పుడు మంగవ్వ కళ్లలోకి చూడలేదు. అది కోపం కాదు, ఓడిపోయిన మనిషి చూపు అది, ఆడవాళ్ల చూపు మంగవ్వకు తెలియనిదేముంది. పెట్టె ఇక బీరువాలోకి పోతుంది. ఎవరో ఇంకో ముసలమ్మ, ఏ మెండోర నుంచో, తుంటి విరుచుకుని వస్తుంది, ఆమెకు మళ్లీ పైపు, మళ్లీ చలి, ఆమె తల్లి వచ్చి కాళ్ల దగ్గర కూచుంటుంది. మంగవ్వకు నోరు ఎండిపోయింది. చెప్పేస్తే? ఇంత నమ్మి రాసుకున్న పిల్లను నేను మోసం చేశానంటే ఏమనుకుంటుంది, దీప ఏమనుకుంటుంది, ముసలిదానికి బుద్ధి లేదంటారు, అనరా, అంటారు. చెప్పకపోతే పైపు. చెప్పకపోతే కమ్మీకి చీము. పక్క మంచం నుంచి హబీబున్నీసా కళ్లెర్రజేసి చూస్తోంది, నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా అని ఆ చూపు. ఆ చూపు తప్పించుకుందామని ఇటు తిరిగితే దీప, తట్టలోని పొట్లాన్ని చూస్తూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. అప్పుడే తలుపు దగ్గర డాక్టరు చెప్పుల చప్పుడు వినబడింది.

"ఆగు సారూ" అన్నది మంగవ్వ. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "గా నీళ్లు నేను తాగలే."

గంగాప్రసాద్ కాగితం అందుకున్నాడు. మూడు సీసాలని రాసుంది కదమ్మా అన్నాడు.

"రాసింది గా పిల్ల తప్పు కాదు సారూ. ఖాళీ సీసాలు జూసి రాసింది. తాగింది బీబక్క."

"హౌ సాబ్" అన్నది హబీబున్నీసా, సాక్ష్యం చెప్పడానికి ఎప్పటినుంచో ఎదురుచూస్తున్నట్టు. "నేనే తాగిన. గీ కాలితోటి మూడుసార్లు బాత్రూంకు పోయొచ్చిన. నా కాగితంల రాసుకోండ్రి, ఊర్కెనే ఫుకట్ల పోవుడెందుకు."

ఎవరూ నవ్వలేదు. ఎందుకు తాగలేదమ్మా అని డాక్టరు అడిగాడు, మందలించినట్టు కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు, అందుకని మంగవ్వ చెప్పింది. సాలు గురించి, గట్టు మీది మొగవాళ్ల గురించి, అంబలి గురించి, పక్క తడుస్తుందన్న భయం గురించి, సగం మాటలు గోడకు చెప్పింది, సగం కరుణశ్రీకి చెప్పింది. ఎన్నేళ్ల నుంచి అని అడిగాడు. పదకొండేండ్ల పోరిగ ఉన్నప్పటిసంది సారూ అన్నది. డాక్టరు కాగితం పక్కన పెట్టాడు. దగ్గరికి వచ్చి తనే పొత్తికడుపు తట్టి చూశాడు. కొంచెం ఉంది, నిండలేదు, ఆగిపోయిందేమీ లేదు, ఈమె ఆపుకుంటోంది, అంతే అన్నాడు కరుణశ్రీతో. తట్టలోని పొట్లాన్ని తనే తీసి జేబులో పెట్టుకున్నాడు. మగవాళ్ల వార్డు చూసి వస్తా, అరగంట, అప్పటికీ రాకపోతే మాత్రం నేను ఊరుకోనమ్మా అన్నాడు. అతను పోయాక కరుణశ్రీ గ్లాసు నింపింది. "నాకు జెప్తే నేనేమన్న కొడుతనా అవ్వా?" అన్నది. తప్పయింది బిడ్డా అన్నది మంగవ్వ. తన నోటి నుంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమైంది.

తాగింది. పట్టపగలు, కిటికీలోంచి ఎండ మొహం మీద కొడుతుండగా, ఒక గ్లాసు, ఇంకో గ్లాసు, మూడో గ్లాసు సగంలో ఆగి ఊపిరి పీల్చుకుని మిగతాది. నీళ్లకు రుచి ఉంటుందని చీకట్లో తాగేవాళ్లకు తెలియదేమో, చీకట్లో తాగేది దాహం కోసం గబగబా, ఇవి చల్లగా గొంతు దిగి, రొమ్ము వెనకనుంచి దిగి, ఎక్కడెక్కడికో పోతున్నట్టు తెలిసింది, అబ్బ, ఎంత బాగున్నాయి, ఇన్నేళ్లూ ఈ సుఖాన్ని కుండలోనే ఉంచి మూత పెట్టానా అనుకుంది. తాగడం అయింది, ఇక విడవాలి. విడవడం ఎట్లాగో ఒంటికి తెలియడం లేదు. మంచం, పరుపు, వెలుతురు, వెల్లకిలా పడుకోవడం, ఇవేవీ ఒంటికి పోవడానికి తెలిసిన గుర్తులు కావు. తెలిసినవి చీకటి, మట్టి, గొంతుక్కూచున్న కాళ్లు, పక్కన ఇంకో నలుగురు ఆడవాళ్లు. ఇరవై నిమిషాలే ఉన్నాయి. కళ్లు మూసుకుంది, చీకటి వచ్చింది కానీ మట్టి రాలేదు. అప్పుడు దీప లేచింది. ఎవరూ చెప్పలేదు. మంచానికి వీపు పెట్టి నిలబడి, కొంగు రెండు చేతులా బారజాపి పట్టుకుంది, చేనులో తప్పనిసరై ఒకామె కూచుంటే మిగతావాళ్లు వీపులు చేసి అడ్డం నిలబడతారే, అట్లా. అది చూసి హబీబున్నీసా కూడా తన మంచం మీదే అటు తిరిగి కూచుని, ఓణీ జాపి, గొంతు పెంచి, వార్డు మొత్తానికి షీర్‌ఖుర్మా ఎట్లా చేయాలో చెప్పడం మొదలుపెట్టింది, పాలు ఎంత మరగాలో, సేమ్యా ఎంత వేగాలో, ఖర్జూరం గింజ తీయకుండా వేసిన తన చెల్లెలిని ఏమని తిట్టిందో, ఆ అరుపులో ఇంకే చప్పుడూ ఎవరి చెవినా పడే వీలు లేదు. కరుణశ్రీ ఒక క్షణం అర్థం కాక చూసి, తర్వాత తనూ వీపు తిప్పి వాళ్ల పక్కన నిలబడింది. మూడు వీపులు. ఎవరి చూపూ తన మీద లేదు, ఎవరి సాలూ ఆగలేదు, ఎవరూ వెనకబడిపోలేదు, వెనకబడితే మాత్రం ఏమవుతుంది, ఇది చేను కాదు, గట్టు మీద ఎవరూ లేరు, అమ్మా, సాళ్లు అయిపోయినయే, ఇక నువ్వు కూడా ఇంటికి పో, అని ఎవరితోనో అంటున్నట్టు అనుకుంటుండగానే కింద ఏదో ముడి వదులైంది, మొదట మంట, సన్నని మంట, ఒక్క చుక్క, ఆగింది, ఆగకు ఆగకు అనుకుంది, తర్వాత వెచ్చగా, ఆపతరం కాకుండా, ఆపవలసిన అవసరం కూడా లేకుండా వచ్చింది. సన్నగా ఈల వేస్తున్న మిషను గొంతు మార్చి గుటకలు వేసింది. మంగవ్వ భయపడి చేతితో పక్కగుడ్డను తడిమింది, ఇటు తడిమింది, అటు తడిమింది, పొడి, అంతా పొడి, ఆమెకు నవ్వొచ్చింది, నవ్వుతూనే ఏడ్చింది, ఏడుస్తూనే పోసింది.

"అవ్వా!" అన్నది కరుణశ్రీ, ఆగలేక తిరిగి. డబ్బాలో పసుపు తవ్విన చేతులు కడిగిన నీళ్లలా ముదురు రంగు నీళ్లు ఉన్నాయి, వంగి గీతలు చూసి, రెండు వందల పది అని గట్టిగా చదివి, ఈసారి మంగవ్వకు చూపించి మరీ కాగితంలో రాసింది. వార్డులో ఎవరో చప్పట్లు కొట్టారు. హబీబున్నీసా షీర్‌ఖుర్మా సగంలో ఆపి, అల్లా కా షుక్ర్ అని ఓణీతో కళ్లొత్తుకుంది. దీప మామకు ఫోను చేసి పోసింది మామా అని చెప్పి, ఎంత పోసిందో చెప్పమని ఫోను కరుణశ్రీకి ఇచ్చింది. డాక్టరు వచ్చి డబ్బా చూశాడు, కాగితం చూశాడు, జేబులోని పొట్లాన్ని తీసి కరుణశ్రీ చేతికిచ్చాడు, పెట్టెలో ఇంకా ఎన్ని వత్తులున్నాయని అడిగాడు. తొమ్మిది సార్ అన్నది ఆమె. నాలుగో మంచం ఆమెకూ అదే పెట్టు, రేపు పైపు తీసేద్దాం అని చెప్పి పోయాడు. మంగవ్వ తలగడ మీద వెనక్కి వాలింది. ఒళ్లంతా బరువు దిగిన బండిలా తేలికగా ఉంది, ఆకలి కూడా వేస్తోంది, ఇంట్లో పప్పు ఎవరు వండుతున్నారో, మొగులు విడిచిందో లేదో, వచ్చే నెలకల్లా కర్ర పట్టుకునైనా కల్లం దాకా పోవాలి, ఎత్తుకుంటాడట ముసలోడు, ఎత్తుకునే పని పెట్టకూడదు. ఇంకో గ్లాసు పొయ్యి బిడ్డా అని దీపను అడిగింది. దీప పోసి అందించింది. అందిస్తున్న చెయ్యిని కాదు, ఆ పిల్ల పెదవులను చూసింది మంగవ్వ. ఎండి, నడిమధ్య చీలి ఉన్నాయి. కుర్చీ పక్కన దీప సంచి, సంచిలో ఇంటినుంచి తెచ్చుకున్న సీసా, నిండుగా, మూత విప్పలేదు.

"నువ్వు పొద్దటిసంది ఎన్ని నీళ్లు తాగినవే?" అన్నది మంగవ్వ.

"నాకేమైంది అత్తా, నేను బాగనే ఉన్న."

"ఎన్ని తాగినవని అడుగుతున్న."

దీప సంచి వైపు చూసి తల దించుకుంది. ఈ పది రోజులూ ఈ పిల్ల ఆ కుర్చీ మీదే కూచుంది, పగలు ఒక్కసారి బాత్రూంకు లేచి పోవడం తను చూసిందా, చూడలేదు, చూడలేదని కూడా ఇవాళ్టిదాకా గమనించలేదు. గోదాములో ఏడేళ్లు. వాడకట్టులో చెప్పుకున్న గొప్పలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. మంగవ్వ తన చేతిలోని గ్లాసును తాగకుండా కోడలి వైపు చాచింది, నీళ్లు కొంచెం దుప్పటి మీద ఒలికాయి, లెక్కచేయలేదు. "నేర్పినదాన్ని నేనే, వద్దంటున్నది గూడ నేనే. తాగు" అన్నది. దీప అందుకుంది. ఒక గుక్క తాగి ఆగింది, అత్త చూపు తప్పించుకునే దారి లేక మొత్తం తాగింది, మంగవ్వ కళ్లతోనే సైగ చేస్తే రెండోది కూడా పోసుకుని తాగింది, మూతి తుడుచుకుని కుర్చీలో కూచుంది. అత్తాకోడళ్లిద్దరూ కిటికీ కింద పోతున్న లారీలను చూస్తూ చాలాసేపు కూచున్నారు. ఒంటి గంట కొట్టేముందు దీప లేచింది, కొంగు సర్దుకుంది, చెప్పులు వెతుక్కుని వేసుకుంది, అందరూ చూస్తుండగానే వార్డు చివరన ఉన్న బాత్రూం వైపు నడిచింది. లోపలినుంచి గడియ పడిన చప్పుడు వినబడేదాకా మంగవ్వ అటే చూసింది.